లెక్కలో లేని లాండ్రీ

మా అన్నయ్య పోయి ఏడాది కావస్తోంది. తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది అతని ముఖం కాదు, గోడకి ఆనించిన అరచెయ్యి. ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే గోడ తడిమేవాడు. "పెళ్లయ్యాక నా చెయ్యి పట్టుకోకముందే మా ఇంటి గోడ పట్టుకున్నాడు మీ అన్న" అనేది వదిన.

పాత భవనాలు బాగుచేసే ముందు, ఏ గదిలోకి ఎంత వేడి వస్తుందో కంప్యూటర్లో లెక్కగట్టడం అతని పని. బాగుచేసేది ఒక్క అంతస్తే అయితే, మిగతావాటిని బొమ్మలోంచి చెరిపేసేవాళ్లు ఆఫీసువాళ్లు. అన్నయ్య చెరపనిచ్చేవాడు కాదు. ఆ గదుల్ని బూడిదరంగులో గీసి, ఒక్కోదానిలో ఎంత వేడి ఉంటుందో రాసేవాడు. "మనం ముట్టుకోనంత మాత్రాన పక్కగది ఎక్కడికి పోతుందే?" అని నాకూ పాఠం చెప్పేవాడు, నేను అడక్కపోయినా.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది మా పేట గ్రంథాలయం దగ్గర.

అక్కడ మేడమీద చదువుకునే గదిని బాగుచేయాలి. కింద లాండ్రీ ఉంది, దాన్ని ముట్టుకోరు. ఎండాకాలం ఆ గదిలో కూర్చోలేక జనం రావడం మానేశారు. ఈసారీ ఇంతే అయితే గది మూసేస్తామని పై అధికారులు లైబ్రేరియన్‌కి చెప్పేశారు. అన్నయ్య లాండ్రీకి వెళ్లి, స్టూలెక్కి పైకప్పు తడిమాడు. చల్లగా ఉంది. కిందనుంచి వేడి రాదని రాసుకొచ్చాడు.

లైబ్రేరియన్ ఆ కాగితం చదివి కళ్లజోడు తీసింది.

"ఏ రోజు వెళ్లారండీ?"

"మంగళవారం."

"మంగళవారం లాండ్రీకి సెలవు కదా బాబూ! గుండీలు కుట్టుకుంటూ లాండ్రీ ఆయనొక్కడే ఉండుంటాడు."

పక్క బల్ల దగ్గర చదువుకుంటున్న నేను పుస్తకం అడ్డుపెట్టుకుని నవ్వాను. "నువ్వు చదువుకోవే" అన్నాడు అన్నయ్య. చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు థర్మామీటరు పక్కన పెట్టుకుని, పొద్దుటినుంచీ ఆ గది నేలమీదే కూర్చున్నాడు. కింద ఇస్త్రీపెట్టెలు, ఆవిరి. మధ్యాహ్నానికి ఉలిక్కిపడి లేచి, ఫైలు కింద వేసుకుని మళ్లీ కూర్చున్నాడు.

"కాలిందా?" అన్నాను.

"లెక్క తేలింది" అన్నాడు హుందాగా.

లాండ్రీ పైకప్పుకి వేడి ఆపే పలకలు బిగించాలని రాశాడు. "ఆ గది మన పనిలో లేదయ్యా" అన్నాడు ఆఫీసు పెద్ద. "ఆ సంగతి వేడికి ఎవరు చెప్తారండీ?" అన్నాడు అన్నయ్య. లాండ్రీ ఆయన ఊరుకుంటాడా? "పైవాళ్లని చల్లబరిచి నన్ను ఉడకబెడతారా?" అన్నాడు. ఆవిరిని వీధిలోకి లాగేసే ఫ్యాను కూడా చేర్చాక గానీ స్టూలు ఇవ్వలేదు.

గది మూతపడలేదు.

నిన్న వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. ఒక పెద్దాయన పేపరు కప్పుకుని గుర్రుపెడుతున్నాడు. చెప్పులు విప్పి నేలకి పాదం ఆనించాను. చల్లగా ఉంది. మా అన్నయ్య చెల్లెల్ని కదా, అనుమానం వచ్చింది.

"ఇవాళ లాండ్రీ తెరిచారా అండీ?"

లైబ్రేరియన్ నవ్వలేదు. "తెరిచారమ్మా. పొద్దున్నే వెళ్లి చూసొచ్చాను."