ఆడవాళ్ల వార్డు వరండాలో

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ వాటి మీద నమ్మకం లేదు. అయినా అరవైల్లో, ఒక కరువు ఏడాది ఎండాకాలంలో చూసింది చూసినట్టు చెప్తాను.

అప్పుడు అనంతపురంలో గుమాస్తాను. జైళ్లకు వెళ్లి ఖైదీల మంచిచెడ్డలు చూడటానికి ఊరి పెద్దలతో ఒక సందర్శకుల సంఘం ఉండేది. వాళ్లకు జీపు ఏర్పాటు చేయడం, జైలుకు కబురు పంపడం, ఖైదీలు చెప్పుకున్నవి రాసిపెట్టడం నా పని. సంఘానికి పెద్ద సుగుణమ్మగారు, రిటైరైన హెడ్మిస్ట్రెస్.

ఆ రోజు ఒక చిన్న జైలుకు బయలుదేరాం. ఊరి పేరు అనవసరం. దారంతా ఎండమావులు. జీపు నీళ్ల మీద తేలిపోతున్నట్టుండేది.

జైల్లో అంతా శుభ్రంగా ఉంది. ఖైదీలంతా "బాగుండాదమ్మా" అనే అన్నారు. పెద్దలు జైలరు గదిలో మజ్జిగ తాగుతుంటే, నేను చేతులు కడుక్కోవడానికి వెనక వాకిట్లోకి వెళ్లాను.

తెల్లటి ఎండ. కాకి అరుపు కూడా లేదు. ఆడవాళ్ల వార్డు వరండాలో ఒక ముసలామె కొర్రలు చెరుగుతోంది. పొట్టు కింద పడకుండా గాల్లోనే నిలిచి మెరుస్తోంది. కలలోలాగా, అప్పుడది నాకు వింతగా తోచలేదు.

తల ఎత్తకుండానే అంది: "ఏమప్పా, మావోడు ఆ ఎనక కొట్టులో నీళ్లు లేక పడుండాడు. మీతో వచ్చిన అమ్మకు చెప్పు."

వెళ్లి చెప్పాను. జైలరు నవ్వాడు. "ఆడ పాత సామాను తప్ప ఏముండాదమ్మా!"

సుగుణమ్మగారు లేచారు. "సామానే చూస్తాం. తాళం తీయించండి."

లోపల గోనెసంచుల మీద ఒక మనిషి. ఒళ్లు కాలిపోతోంది, పెదవులు పగిలిపోయాయి. పేరు ఓబులేసు. పురుగుల అన్నం సంగతి సంఘానికి చెప్తానన్నాడట. అందుకే మా కంట పడకుండా దాచారు. సుగుణమ్మగారు కొంగు తడిపి అతని నోట్లో నీళ్లు పిండారు. మా జీపులోనే ఆస్పత్రికి తరలించాం. తరవాత ఆ జైలరు ఉద్యోగం పోయింది.

బయలుదేరే ముందు ముసలామెకు చెబుదామని మళ్లీ వెళ్లాను. వార్డు తాళం తుప్పు పట్టి ఉంది. వరండా నిండా మందంగా దుమ్ము, దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు.

"ఆడోళ్ల వార్డా? శానా ఏండ్లుగా మూసే ఉండాది సార్. ఈ జైల్లో ఆడమనిషి యాడుండాది?" అన్నాడు వార్డరు.

ఓబులేసు కోలుకున్నాక ఆస్పత్రికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె మీ అమ్మేమో అన్నాను.

"నాకు అమ్మా లేదు, నాయనా లేడు సామీ. సత్రంలో పెరిగినోన్ని. నాకెవురుండారు?"

అంతలోనే మెల్లగా అడిగాడు: "ఆయమ్మ ఏమనింది? ఇంగోసారి చెప్పు."

"మావోడు, అనింది."

అటు తిరిగి పడుకుని, దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

ఎండదెబ్బకు అలా కనిపించి ఉంటుందని అన్నారు తెలిసినవాళ్లు. కావచ్చు. కానీ తాళం వేసిన గదిలో మనిషి ఉన్నాడని ఎండదెబ్బ నాకెలా చెప్పింది? ఎవరూ లేనివాణ్ని మావోడన్న ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.