రామక్క చెప్పని మొక్క పేరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఊళ్లో అందరూ అంటారు. పదహారేళ్లు ఆశా వర్కర్‌గా ఇంటింటికీ తిరిగితే ఎవరికైనా అక్కడే ఉంటుంది. అందులో సగం మాత్రం రామక్క పెద్దమ్మ పుణ్యమే.

మాది బూర్గంపాడు దాటాక అడవి మొదలయ్యే చోట చిన్న పల్లె. ఇక్కడ ఎవరి కళ్లు పచ్చబడినా ముందు రామక్క గడపే తొక్కుతారు. డెబ్బై ఏళ్ల మనిషి. తెల్లారకముందే ఒక్కతే పొలం గట్ల మీదికి వెళ్లి, ఏదో మొక్కను వేళ్లతో సహా పీక్కొచ్చి, అందరికీ వీపు తిప్పి నూరి, మేకపాలలో కలిపి పరగడుపున తాగిస్తుంది. మూడు రోజులు పసరు, వారం రోజులు ఉప్పు లేని మజ్జిగన్నం. రూపాయి ముట్టదు. మొక్క పేరు మాత్రం చచ్చినా చెప్పదు. పేరు బయటపడితే నీ చేతిలో గుణం పోతుందని వాళ్ల అత్త చెప్పి పోయిందట. ఆ గుణమే పోయాక నేనుండి ఏం లాభం అంటుంది రామక్క.

మూత్రంలో రాళ్లన్న వాళ్లతో అయితే ఈ దాపరికమేమీ ఉండదు. "స్కానింగ్ తీయించుకో, నీళ్లు మంచిగ తాగు, కొండపిండాకు పప్పుల ఏసుకో" అని దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చెబుతుంది. గుట్టంతా కామెర్ల మందుకే.

మొదట్లో మా ఇద్దరికీ అస్సలు పడేది కాదు. కామెర్లను దవాఖానాలో చూపించకపోతే ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుందని నేను, నలభై ఏళ్లుగా తగ్గిస్తున్నానని ఆమె. అరిచి అరిచి ఇద్దరం అలిసిపోయి రాజీకి వచ్చాం. రక్తపరీక్ష రిపోర్టు తెచ్చినవాళ్లకే పసరు. చదువు రాకపోయినా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదెంతున్నది సంపూర్ణా?" అని నా చేతికిచ్చేది. బిలిరుబిన్ అంకె ఆరు అంటే తల ఊపేది. పదిహేను అంటే, "నా తోని కాదు బిడ్డా, జల్దీ భద్రాచలం తీస్కపో" అనేది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె మీద నాకు కోపం ఉందని చెప్పుకోవడమే గాని, లేదు.

పోయిన వానాకాలం ట్రాక్టర్ డ్రైవర్ ముత్యాలుకు కామెర్లు వచ్చాయి. డాక్టరు చూసి, భయం లేదు, విశ్రాంతి తీసుకో అన్నాడు. వాడు వింటేగా. పసరు పడితేనే తగ్గుతుందని మర్నాడు పొద్దున్నే రామక్క అరుగు మీద కూర్చున్నాడు. రిపోర్టు చదవడానికి నేనూ వెళ్లాను.

రామక్క గుప్పెడు మొక్కలు తెచ్చి రోటి పక్కన పెట్టి, పాల కోసం లోపలికి వెళ్తూ గడప తట్టుకుని తూలింది. కళ్లలో శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చేయించుకో అని రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను. "కంటికి కట్టు కడితే మొక్క ఎవలు తెస్తరు?" అంటుంది తప్ప చెవిన పెట్టదు. తిట్టుకుంటూనే రోలు వైపు చూశాను.

అది నేలఉసిరి కాదు, జీలుగ. పచ్చిరొట్ట ఎరువు కోసం రైతులు చల్లిన గింజలు గట్టు మీద పడి మొలిచినట్టున్నాయి. లేత మొక్కలప్పుడు ఆకు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నేలఉసిరికి ఆకుల కింద ఆవగింజలంత కాయలు వరసగా ఉంటాయి. వీటికి లేవు.

చెబితే ఆమె గుట్టు నాకు తెలుసని ఒప్పుకున్నట్టే. ఆమె ఏమైపోతుందో. చెప్పకపోతే జబ్బు మనిషి కడుపులోకి ఏదో గడ్డి పోతుంది. రామక్క వచ్చి వీపు తిప్పి కూర్చుని రాయి అందుకుంది. నా నోరు ఆగలేదు.

"పెద్దమ్మా, ఆకు కింద ఒకసారి వేలు పెట్టి చూడు. కాయలు తగుల్తున్నయా?"

ఆమె చేయి ఆగిపోయింది. బొటనవేలితో ఒక్కో రెమ్మ కింద తడిమింది. చాలాసేపు తడిమింది. తిరిగి చూసినప్పుడు ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నీకెట్ల ఎరుక?" అంది.

నేను నోరు తెరిచేలోగా ముత్యాలు అందుకున్నాడు. "అది నేలుసిరి కాదా పెద్దమ్మా? కలుపు తీసేటప్పుడు మా ఆడోళ్లు నీ కోసమని గట్టు మీద నేలుసిరి ముట్టరు గద. నేను గూడ ట్రాక్టర్ ఆ మూలకు తిప్పను."

వాడి నోరు నొక్కేద్దామనిపించింది. కామెర్లు లేకపోతే నొక్కేదాన్నే.

"ఎప్పటి సంది?" అని అడిగింది రామక్క.

"మా అమ్మ కలుపుకు పోయే కాలం నుంచి."

రామక్క గోడకు చేరగిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. మెల్లగా, "ఊరందరికీ ఎరుకనే. అయినా తగ్గింది గదనే, ఇన్నేండ్లు" అంది.

"అవ్ పెద్దమ్మా, తగ్గింది."

"మరి మా అత్త నన్నెందుకు గింత భయపెట్టింది?" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ముత్యాలూ ఆ పచ్చ కళ్లతోనే నవ్వాడు. జీలుగ మేకకు పడింది.

నా చేయి పట్టుకుని గట్టు దాకా నడిచింది. కలుపు తీసిన చేను నున్నగా ఉంది. గట్టు వారన మాత్రం నేలఉసిరి జానెడు ఎత్తున ఒత్తుగా ఉంది. వంగి దాని పొడుగునా చేత్తో తడుముకుంటూ పోయింది. "ఇదంత నా కోసమేనా" అంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

నెల తిరగకుండానే కంటి ఆపరేషన్‌కు ఒప్పుకుంది. ముత్యాలు కూడా అప్పటికి కోలుకున్నాడు. పంపడానికి సగం ఊరు ఆటో చుట్టూ చేరింది. రామక్క ఎక్కబోతూ ఆగి, తను వచ్చేదాకా మొక్క తేవాల్సింది నేనేనని చెప్పి, దగ్గరికి రమ్మని పిలిచింది. ఈ పేరు ఎవరికి అప్పగించినా చెవిలోనే చెప్పాలట, వాళ్ల అత్త అట్లాగే చెప్పిందట. నా చెవి దగ్గర అరచేయి అడ్డం పెట్టి, "నేలుసిరి" అంది.

"ఏంది పెద్దమ్మా, మళ్లొకసారి చెప్పు" అన్నాను.

మళ్లీ చెప్పింది, ఇంకా మెల్లగా. ఆటో చుట్టూ నిలబడ్డవాళ్లంతా, తాము వినకూడదన్నట్టు, మొహాలు అటు తిప్పుకున్నారు.