పావన అనే తొమ్మిదో సర్వర్

దయ్యాలు, పూనకాలు, చేతబడులు నేనెప్పుడూ నమ్మలేదు. ఇరవై ఆరేళ్లు కంప్యూటర్లతో పనిచేసినవాణ్ణి. మెషిన్ ఏదైనా చేసిందంటే దానికి ఎవరో ఒకరు చెప్పి ఉండాలి, చెప్పినట్టు ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి. ఇప్పటికీ అదే నమ్ముతాను. అందుకే ఈ ఒక్క సంగతి నాకు ఎక్కడా ఇమడటం లేదు.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇదే సంగతిని మా ఆఫీసులో రెండేళ్లుగా వేరే రకంగా చెప్పుకుంటున్నారు. ఆ కథలో నేను మొనగాణ్ణి. అది నిజం కాదు.

మాది కడపలో ముగ్గురాయి, అంటే బెరైటీస్, కంపెనీ. మంగంపేట నుంచి రాయి తెచ్చి, పొడి చేసి, విదేశాలకు పంపుతాం. ప్రతి లోడుకూ ల్యాబు రిపోర్టు ఉండాలి. అది లేకుంటే ఓడరేవులో సరుకు కదలదు. నేను ఐటీ మేనేజర్ని. నా కింద ఓబులేసు. కోయిలకుంట్ల మనిషి, డిప్లొమా చదివాడు, మా దగ్గర పదకొండేళ్లు పనిచేశాడు.

మా ఎనిమిది సర్వర్లకూ పేర్లు పెట్టింది అతనే. అన్నీ అహోబిలం నరసింహస్వాముల పేర్లు. ల్యాబుది జ్వాల, మెయిల్‌ది మాలోల, హాజరుది యోగానంద, అట్లా. నరసింహులు తొమ్మిది మంది కదా, పావన ఏదప్పా అని ఒకసారి అడిగాను.

"పావన శానా దూరం సార్, అడివిలో ఉండాది. అందరూ ఆడికి పోలేరు. ఆ పేరు పక్కన పెట్టినా" అన్నాడు.

సర్వర్లు పాతబడ్డాయి. ఎనిమిదింటినీ తీసేసి, ఒక పెద్ద సర్వర్ కొని, ఆ ఎనిమిదినీ దాని లోపలే సాఫ్ట్‌వేర్ రూపంలో నడపాలని నిర్ణయించాం. వర్చువలైజేషన్ అంటారు. మా ఎండీకి వివరిస్తే పెద్దగా నవ్వాడు. "ఏమప్పా, ఒక ఇంట్లో ఎనిమిది కాపురాలా? కొట్టుకు సస్తాయేమో సూసుకోండి."

ఇక ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలన్నదే మిగిలింది. ఒకటి బెంగళూరు డీలర్ తెచ్చిన పేరున్న సాఫ్ట్‌వేర్. ఇంకొకటి ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగేది. ఓబులేసు దాన్ని ఒక పాత మెషిన్ మీద ఆరు నెలలు నడిపి చూశాడు. కావాలని చెడగొట్టాడు, విడిగా దాచిన బ్యాకప్ కాపీ నుంచి మళ్లీ లేపాడు, మళ్లీ చెడగొట్టాడు.

డీలర్ మాకు తెర మీద బొమ్మలు చూపిస్తున్న రోజు ఓబులేసు వెనక కుర్చీలోంచి ఒకే ప్రశ్న అడిగాడు. "సార్, బ్యాకప్ తీస్తాది సరే. దాన్నుంచి మళ్లీ లేపింది ఒకసారి సూపిస్తారా?" డీలర్ తర్వాతి బొమ్మకు పోయాడు. ఎండీ నా వైపు చూశాడు. ఆ ప్రశ్న నేను అడగాల్సింది. అడగాలని నాకు తట్టలేదు. ఎండీ ముందు చిన్నబోయినట్టనిపించింది. నిజం చెప్పాలంటే, డీలర్ సాఫ్ట్‌వేర్‌ని నేను ఎంచుకున్నది ఆ నిమిషంలోనే.

రెండింటినీ పోల్చి ఎండీకి ఒక పట్టిక ఇవ్వాలి. ఓబులేసు తయారుచేశాడు. అందులో చివరి వరుస: "బ్యాకప్ నుంచి లేపి చూశామా?" ఉచితమైనదాని కింద "చూశాను" అని, డీలర్‌దాని కింద "చూడలేదు" అని రాశాడు. నేను ఆ వరుస తీసేసి పట్టికను పైకి పంపాను.

కొత్త సర్వర్ వచ్చింది. డీలర్ మనుషులు అన్నీ అందులోకి మార్చారు. పాతవాటిని ఒక నెల అట్లే ఉంచుదామని ఓబులేసు బతిమాలాడు. నేను చెరిపేయించి తుక్కుకు పంపించేశాను. బ్యాకప్‌ను కూడా వాళ్లే అమర్చారు. బ్యాకప్ అయిందని రోజూ ఒక పచ్చని టిక్కు వచ్చేది. అది చూసి సంతోషపడేవాణ్ణి.

మూడు నెలలకు, మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చింది. సర్వర్ గదిలో ఏసీ మాత్రం మళ్లీ లేవలేదు. ఎవరూ గమనించలేదు. అందరం అన్నాలకు పోయి ఉన్నాం. తిరిగొచ్చేసరికి వేడికి డిస్కులన్నీ పాడైపోయాయి. బ్యాకప్ తెరిస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. పచ్చ టిక్కులు మాత్రం వరసగా ఉన్నాయి.

ఎండీ అడిగాడు, బ్యాకప్ ఎవరి బాధ్యత అని. ఓబులేసుది అన్నాను.

అతను అక్కడే ఉన్నాడు. "సార్, ఆ వరుస మీరే తీసేసినారు గదా" అన్నాడు, మెల్లగా. ఏ వరుస అని ఎండీ అడగలేదు, నేను చెప్పలేదు. రేపటి నుంచి రావద్దని ఎండీ అతనితో అన్నాడు. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇక అసలు సంగతి.

మర్నాడు డీలర్ ఇంజనీరు బెంగళూరు నుంచి కొత్త డిస్కులతో వచ్చాడు. వాటి సీలు నా ముందే చింపాడు. సాఫ్ట్‌వేర్ మొదటి నుంచి ఎక్కించి, కొత్త పాస్‌వర్డ్ పెట్టాడు. పట్టపగలు, పన్నెండు గంటల వేళ. లోపల ఏ మెషిన్లు ఉన్నాయో చూపించే జాబితా తెరిచాడు. అది ఖాళీగా ఉండాలి.

ఒక మెషిన్ ఉంది. నడుస్తోంది. పేరు పావన.

ఇంజనీరు నన్ను చూశాడు, నేను అతన్ని చూశాను. "మీరు చేసిందా సార్?" అన్నాడు. తెరిస్తే లోపల ఎనిమిది ఫోల్డర్లు. జ్వాల, మాలోల, యోగానంద, అన్నీ. ల్యాబు రిపోర్టులు ముందురోజు మధ్యాహ్నం దాకా ఉన్నాయి. సృష్టించినవారి పేరు దగ్గర ఖాళీ. ఎప్పుడు సృష్టించారో నమోదు లేదు. ఎంత కాలంగా ఆగకుండా నడుస్తోందన్న చోట పదకొండేళ్లు అని ఉంది. ఆ సర్వర్ మా ఆఫీసుకు వచ్చి మూడు నెలలు. ఆ డిస్కులు సీలు విప్పి మూడు గంటలు.

గడియారం తప్పయ్యుంటుంది అన్నాడు ఇంజనీరు. కావచ్చు. ఆ తెరను ఫోన్లో ఫోటో తీసుకున్నాను. ఇప్పటికీ ఉంది.

అన్నీ బయటికి కాపీ చేసుకున్నాం. చివరి ఫైలు అయిపోయిన కొద్దిసేపటికి పావన దానంతట అదే ఆగింది. జాబితాను మళ్లీ తెరిస్తే ఖాళీ.

ఎండీ పరుగున వచ్చాడు. ఎట్లా దొరికిందప్పా అన్నాడు. ముందుజాగ్రత్తగా నేనే ఒక కాపీ పెట్టుకున్నానని చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులభంగా వచ్చిందో తలుచుకుంటే, జాబితాలో ఆ పేరు చూసినప్పటికంటే ఇప్పుడు ఎక్కువ భయమేస్తుంది. ఓబులేసును ఎవరూ వెనక్కి పిలవలేదు. డేటా పోగొట్టినవాడుగా అతని పేరు కడపంతా పాకింది. ఇంకే కంపెనీ తీసుకోలేదు.

పోయిన నెల కోయిలకుంట్ల పోయాను. బస్టాండు దగ్గర సీసీ కెమెరాలు బిగించే చిన్న షాపు పెట్టుకున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రాండి సార్, కూచోండి. ఎండన పడి వచ్చినారే" అని టీ తెప్పించాడు. ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు.

"నువ్వే పెట్టినావా ఓబులేసూ?"

"నేనెట్ల పెడతా సార్? కొత్త సర్వర్ పాస్‌వర్డు మీరు నాకు ఎప్పుడిచ్చినారు?"

ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చిందని రాయబోయాను. అబద్ధం. నాకు మొదటి నుంచీ గుర్తుంది. లోపలికే పోలేని మనిషి మీద బ్యాకప్ నేరం మోపాను.

ఇద్దరం టీ తాగాం. ఫోటో గురించి అతను ఇంకేమీ అడగలేదు. గ్లాసు కింద పెట్టి, "ఆ వరుస సంగతి ఎండీ సార్‌కు చెప్పినారా?" అన్నాడు. లేదన్నాను. "చెప్పండి సార్. మా ఇంటామె ఇప్పటికీ అడుగుతాంటాది, నిజంగా నువ్వు పోగొట్టలేదా అని."

తిరిగొచ్చి ఎండీకి ఉత్తరం రాశాను. పాత పట్టికను ఓబులేసు రాసినట్టే, చివరి వరుసతో సహా, దానికి జతచేశాను. ఒక నకలు కోయిలకుంట్లకు పంపాను, ఆమెకు చూపించమని.

ఉత్తరం చదివి ఎండీ ఫోన్ చేశాడు. నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టి, ఓబులేసు నంబరు తీసుకున్నాడు. తర్వాత, "అట్లయితే ఆ కాపీ గూడా నువ్వు పెట్టింది కాదు. మరి ఎవరు పెట్టినారప్పా?" అన్నాడు.

తెలియదు సార్ అన్నాను. రెండేళ్లలో ఆయనకు ఆ కాపీ గురించి నేను చెప్పిన మొదటి నిజం అదే.