షెడ్డులో అడిగిన సంజాయిషీ

మైకక్క పొద్దున లేస్తూనే వంటింటి కిటికీ తెరిచి, ఎదురు మేడ మీది స్నేహితురాలితో చేతులతోనే కబుర్లాడుతుంది. నీళ్లొచ్చాయా, మీ మామగారి దగ్గు తగ్గిందా, అన్నీ వేళ్లతోనే. ఇద్దరిదీ మరమగ్గాల పని. ఆ మోతలో పక్కమనిషి అరిచినా వినపడదు కాబట్టి షెడ్డులో అందరూ అలాగే మాట్లాడుకుంటారు. ఇంట్లో మాత్రం ఆమె గొంతు వీధంతా వినిపిస్తుంది. ఆ పేరు అందుకే.

ఒకరోజు బెల్టుకు అడ్డంగా ఉండే రేకు ఊడిపోయిందని ఆమె మగ్గం ఆపేసింది. ఎందుకాపావని సూపర్‌వైజరు సైగ చేశాడు. రేకు ఊడింది, చెయ్యి పోతుందని ఆమె సైగ చేసింది. సాయంత్రానికి ఉద్యోగం పోయింది. మైకక్క కోర్టుకెక్కింది.

తీసేసినట్టు తెలియజేయాలని మాత్రమే అంటుంది అక్కడి చట్టం; సంజాయిషీ ఊసెత్తదు. కానీ సంజాయిషీ వినకుండా ఎవరినీ తీసేయకూడదన్న అంతర్జాతీయ కార్మిక ఒప్పందాన్ని ప్రభుత్వం ఆమోదించిందని ఆమె తరఫు లాయరమ్మ వాదించింది. దాన్ని మన భాషలో తెమ్మన్నారు జడ్జిగారు. తెస్తే ముద్ర లేదన్నారు. ముద్ర వేయించుకొస్తే ఆయన సెలవు.

"దేశాలన్నీ కూర్చుని నీ గురించి రాసుకున్నాయి గానీ, వీధి చివరి కోర్టులో నీ వంతు రాదేంటే?" అన్నాడు మొగుడు.

"నన్నడుగుతావేంటయ్యా! పోయి ఆ బంట్రోతునడుగు!"

చివరికి, చట్టం మాట్లాడని చోట ఆ ఒప్పందాన్నే చూస్తానన్నారు జడ్జిగారు. అంతదాకా సంజాయిషీ అడగనక్కర్లేదన్న మిల్లు వెంటనే ప్లేటు ఫిరాయించింది. సంజాయిషీ అడిగామనీ, ఆమే చెప్పలేదనీ అంది.

"షెడ్డులోనే అడిగానండీ," అన్నాడు సూపర్‌వైజరు బోనెక్కి. "ఉలకలేదు, పలకలేదు. ఊరికే చేతులూపింది."

నోరెత్తవద్దని లాయరమ్మ ముందే ఒట్టు వేయించుకుంది. మైకక్క బెంచీ మీంచే చేతులతోనే ఝాడించింది. మగ్గాల దగ్గరే పెరిగి పెద్దవాడైన సూపర్‌వైజరు, అలవాటు కొద్దీ వేళ్లతోనే జవాబిచ్చేశాడు.

"ఏమిటది?" అన్నారు జడ్జిగారు.

"నోరు మూసుకోమన్నానండీ."

"ఆమె నోరు తెరవలేదే! ఏమంది?"

సూపర్‌వైజరు చేతులు కిందికి దించాడు. "రేకు ఊడిందని ఆరోజే చెప్పానంటోందండీ."

కోర్టు హాలంతా ఘొల్లున నవ్వింది. సంజాయిషీ అందుకుని కూడా అందలేదన్నవాళ్లు దాన్ని విన్నట్టు కాదని, ఆమెను తిరిగి పనిలోకి తీసుకోవాలని తీర్పొచ్చింది.

బయటికొచ్చాక మైకక్క మండిపడింది. "ఈ ముక్క మొదటిరోజే వాణ్ణి అడిగి చావొచ్చు కదా, లాయరమ్మా!"

"అసలు సంజాయిషీ అడగాల్సిన పనే లేదన్నారు కదమ్మా అప్పుడు! అడగాలని ఒప్పించడానికే నా చెప్పులరిగాయి."

మిల్లు పై కోర్టుకు వెళ్లింది. అక్కడ కేసు ఇంకా విచారణకు రాలేదు. మైకక్క ప్రస్తుతం అదే షెడ్డులో పగటి షిఫ్టు చేస్తోంది.