రాజుబొమ్మలో మోటారు

రాజుబొమ్మలో మోటారు ఉందన్న మాటని ముందు తీసి అవతల పారేయాలి. ఇన్నీసుపేట పాలబూత్ దగ్గర పుట్టి, మధ్యాహ్నానికి గోదావరి గట్టెక్కి, సాయంత్రానికి ధవళేశ్వరం దాకా పోయిన మాట అది. అశోక్ ఇప్పుడు బొమ్మని మోయడం లేదట. లోపల మోటారు బిగించాడట. ఆటోకి పెట్టే బ్యాటరీ ఒకటి బొమ్మ నడుములో దాచి, మీట నొక్కి, తాను చల్లగా నిలబడి ఊరేగుతున్నాడట. బిగించిన మెకానిక్కు తునివాడని ఒకరు, కాదు తణుకువాడని ఇంకొకరు. చార్జింగు పెట్టిననాడు వీధి దీపాలు మిణుకుమిణుకుమన్నాయని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. వెళ్ళి అడిగే ఓపిక లేనివాళ్ళ నోట్లో మాట ఇలాగే పిల్లల్ని పెడుతుంది.

మోటారు లేదు. ఉన్నది సూర్యకళ.

సూర్యకళ అశోక్ పెళ్ళాం. అశోక్ వాళ్ళింట్లో తాతల నాటి నుంచి ఒక జత బుట్టబొమ్మలున్నాయి, రాజూ రాణీ. వెదురు బద్దలతో బుట్ట అల్లి, కాగితం గుజ్జులో చింతగింజల జిగురు కలిపి చేసిన తలకాయ పైన నిలిపి, చీరలూ కోట్లూ తొడుగుతారు. మనిషి అడుగునుంచి దూరి, అడ్డబద్దల్ని భుజాల మీదికెత్తుకుని ఆడించాలి. బొమ్మ పొట్ట దగ్గర అరచేయంత కంత, దానికి పల్చటి జాలీ గుడ్డ. లోపలి మనిషికి గాలైనా వెలుతురైనా అదే. దూరేముందు బొమ్మకి దణ్ణం పెట్టుకోవాలి. దూరాక దింపేదాకా నోరు విప్పకూడదు. బొమ్మ మాట్లాడితే చూసేవాళ్ళకి లోపలి మనిషి గుర్తొస్తాడని వాళ్ళ తాత పెట్టిన కట్టడి.

రాణిబొమ్మలో దూరేది అశోక్ అన్నగారు గణేష్‌బాబు. గుబురు మీసాల మనిషి. రాజుబొమ్మలో అశోక్. ఎడమ భుజం ఒక్కసారి ఎగరేసి, ఆగి, రాణి వస్తోందా లేదా అని వెనక్కి తిరిగి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు నడిచే నడక ఒకటి అతనే కనిపెట్టాడు. అశోక్ నడక అంటే డప్పులవాళ్ళు కూడా దెబ్బ మార్చేవారు.

మూడేళ్ళ కిందట అతని మెడపూసలు అరిగిపోయాయి. భుజం మీద తువ్వాలు తప్ప ఇంకేమీ వేయొద్దన్నాడు డాక్టరు. వినాయక చవితి ఊరేగింపులు ఒప్పుకుని ఉన్న రోజులు. బయటి మనిషి కోసం వెతికారు. రాజుబొమ్మ బద్దలు అశోక్ ఎత్తుకి కట్టినవి. పొట్టివాడు దూరితే బొమ్మ రోడ్డు ఊడుస్తుంది, పొడుగువాడు దూరితే మోకాళ్ళు బయటపడతాయి. సూర్యకళ పెళ్ళిచూపుల నాడు, పిల్ల పిల్లాడితో సమానంగా ఉందేంటని అత్తగారు మూతి ముడుచుకుంది. ఆ ఎత్తే చివరికి ఆమె నెత్తిమీదికొచ్చింది.

గణేష్‌బాబు తమ్ముడి భార్యతో ముఖాముఖి మాట్లాడే మనిషి కాదు. గడపవతల నిలబడి, తమ్ముడి వైపు చూస్తూ చెప్పాడు.

"ఈ చవితికి మటుకు అమ్మాయిని దూరమనరా. నీ మెడ బాగవగానే నువ్వే దూరుదువుగాని. ఆడమనిషి ఎత్తుకుందని తెలిస్తే గుళ్ళవాళ్ళు మళ్ళీ పిలవరు. ఎవరికీ చెప్పొద్దను."

"చెప్పనులెండి అనండి," అంది సూర్యకళ, మొగుడి వైపే చూస్తూ.

ఆ చవితి పోయింది, ఆ తరవాతి చవితీ పోయింది. మెడ బాగవలేదు.

ఇంట్లో ఆ బావగారి ఎదుట సూర్యకళ కుర్చీలో కూర్చోదు. కంచం గడప దగ్గర పెట్టి పక్కకి తప్పుకుంటుంది. బొమ్మ ఎత్తుకున్నాక మాత్రం ఆయనే ఆమెకి రాణి. నడివీధిలో అలగాలి, పొట్టతో పొట్టని గుద్దుకోవాలి, చివరికి రాణి వచ్చి రాజు భుజం మీద వాలాలి, జనం ఈలలు వేయాలి. మొదటి రోజు ఆ వాలిన బరువుకి సూర్యకళ సిగ్గుతో చచ్చిపోయింది. తరవాత్తరవాత సిగ్గు పోయి బరువొక్కటే మిగిలింది. ఒక్కమాట ఆయన పక్షాన కూడా చెప్పాలి. ద్రాక్షారామం ఊరేగింపులో ఆమె కాలు మడతపడితే, పడిపోకుండా పక్కనుంచి రాణిబొమ్మతో ఒత్తి పట్టుకుని, వీధి చివరిదాకా అలాగే ఆడించుకుంటూ తీసుకెళ్ళాడు. అలిగిన మొగుణ్ణి పెళ్ళాం ఈడ్చుకెళుతోందనుకుని జనం పగలబడి నవ్వారు.

లోపలున్న మనిషికి ఊరు ఎలా కనిపిస్తుందో ఎవరూ ఆలోచించరు. అందరూ తలలెత్తి బొమ్మ మొహమే చూస్తారు. కంత లోంచి చూసే సూర్యకళకి కనిపించేవన్నీ గడ్డాలు. గీసుకున్నవి, గీసుకోనివి, రెండు మడతలు పడినవి. మూడేళ్ళలో ఆమె ఇన్నీసుపేటలో సగం మందిని గడ్డం కింద నుంచి గుర్తుపట్టడం నేర్చుకుంది. ఒక్కళ్ళ కళ్ళూ ఆమె కళ్ళకి తగల్లేదు.

అశోక్ సంగతి ఇంకో రకం. బొమ్మ వీధిలో ఉన్నంతసేపూ అశోక్ బొమ్మలో ఉన్నట్టు లెక్క. మరి ఇంటి అరుగు మీద ఇంకో అశోక్ కనిపించకూడదు కదా. అందుకని ఊరేగింపున్న రోజు సూర్యకళ అతన్ని లోపల పెట్టి, బయట తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని వెళుతుంది. అతను కిటికీ రెక్క వేసుకుని, ఫ్యాను కూడా వేసుకోకుండా కూర్చుంటాడు. వీధిలో డప్పులు వినిపిస్తాయి. "అశోక్ నడక చూడండ్రా, వయసొచ్చేకొద్దీ నునుపెక్కుతోంది" అనే మాటలూ వినిపిస్తాయి. ఆమె తిరిగొచ్చి తాళం తీసేసరికి అతని మొహం వెలిగిపోతూ ఉంటుంది.

"ఇవాళ బాగా అన్నారే," అంటాడు.

"విన్నానండి," అంటుంది ఆమె, రవిక భుజానికి అంటుకుపోతే వేలితో విడదీసుకుంటూ.

ఇలా ఉండగా గట్టు మీద ఆట మొదలైంది. భీమవరం నుంచి ఇక్కడి కాలేజీకి చదువుకొచ్చిన భానుశ్రీ అనే అమ్మాయి, నెలకో ఆదివారం పొద్దున్నే రేవు పక్కన పదిమందినీ పోగేసేది. సర్కస్ నేర్చుకుందాం రండి అని ఫోన్లో పెట్టింది. సర్కస్ అనగానే డేరా, జోకరూ అనుకుని వెళ్ళినవాళ్ళకి కనిపించినవి వేరు. ఒక గుమస్తా రెండు స్తంభాలకి కట్టిన పట్టీ మీద చేతులు చాచి నడుస్తున్నాడు. ఆటో తోలే కుర్రాడు బంతులెగరేస్తున్నాడు. భానుశ్రీ నడుము చుట్టూ పెద్ద చక్రం తిప్పుతూ, ఎవరితోనో పరీక్షల సంగతి మాట్లాడుతోంది. కర్రసాము తాతగారొకాయన కర్ర తిప్పుతుంటే పిల్లలు వెనక నిలబడి చూసి చేస్తున్నారు. రాకపోయినా ఫరవాలేదు, పడిపోతే అందరూ చప్పట్లు కొడతారు. ఆఖర్ని అందరూ గుండ్రంగా నిలబడి, ఒక్కొక్కరూ పేరూ వీధీ చేసిన ఆటా చెప్పాలి. పేరు చెప్పకుండా ఎవరూ వెళ్ళకూడదన్నది భానుశ్రీ పెట్టిన నియమం.

వేసవి ముందు ఆ ఆటకి రాజూరాణీలని రమ్మన్నారు. ఆఖర్ని పేర్లు చెప్పాలన్న సంగతి గణేష్‌బాబు ముందే కనుక్కుని ఏర్పాటు చేశాడు. అశోక్‌ని ట్రాలీ ఆటోలో పరదా వెనక కూర్చోబెట్టి తెచ్చాడు. ఆట అయ్యాక రాజుబొమ్మ ఆటో వెనక్కి వెళ్ళింది, సూర్యకళ పరదా కిందికి దూరింది, అశోక్ అటునుంచి జుట్టు సవరించుకుంటూ వచ్చి వరసలో నిలబడ్డాడు.

డప్పు సంచుల మధ్య ముడుచుకుని సూర్యకళ ఆ పేర్లన్నీ విన్నది. బంతులు పట్టుకోవడం రాని ఒక ముసలావిడ కూడా, "నా పేరు ఆశాజ్యోతండి, సీతంపేట, ఏమీ చేయలేదండి, చూశాను" అంటే చప్పట్లు కొట్టారు. తరవాత అశోక్ గొంతు. "అశోక్, ఇన్నీసుపేట, రాజు." ఆ చప్పట్లు ఆటో రేకు మీద వానలా పడ్డాయి.

అక్కడే వచ్చింది తంటా. ఫోన్లలో తీస్తారని గణేష్‌బాబు తమ్ముడికి కొత్త చొక్కా ఇస్త్రీ చేయించి మరీ తొడిగించాడు. ఎదురింటి పాపాయమ్మ ఊరుకునే మనిషా. మూత తీయకుండా ఎవరింట్లో ఏ కూరో చెప్పగల పాపాయమ్మ, మజ్జిగ గ్లాసుతో వెళ్ళి అశోక్ వీపు నిమిరింది.

"ఏంటయ్యా, అంతసేపు ఎండలో ఎగిరి ఇస్త్రీ మడతైనా నలగలేదు. లోపల ఏసీ పెట్టించావా ఏంటి?"

ఎవరో నవ్వారు. మర్నాడు పాలబూత్ దగ్గర ఆ ఏసీ కాస్తా బ్యాటరీ అయింది, బ్యాటరీ మోటారయింది. మోటారు మాట కిటికీ రెక్కలోంచి అశోక్ చెవిన పడడానికి రెండు రోజులు కూడా పట్టలేదు.

"నా నడకని మోటారంటున్నారే," అన్నాడు గోడవైపు తిరిగి పడుకుని.

సూర్యకళ బియ్యం ఏరుతూ చేయి ఆపింది. ఎవరి నడక అని అడగబోయి ఆగింది. దానికి బదులు, చాన్నాళ్ళుగా నాలిక చివర ఉన్నది అనేసింది.

"ఒక్కసారి ఆ వరసలో నిలబడి నా పేరు చెప్పుకోవాలనుందండి. ఒక్కసారే."

అతను గోడవైపే చూస్తూ అన్నాడు.

"చెప్పుకో. చెప్పుకున్నాక నా పేరు నేనేమని చెప్పుకోను?"

ఆమె మళ్ళీ బియ్యంలోకి వంగింది.

మళ్ళీ నెల ఆదివారం వచ్చింది. ఈసారి చొక్కా మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించి పంపిద్దామన్నాడు గణేష్‌బాబు. "పంపు నీళ్ళు పోసుకుని చెమటని చెప్పమంటావా? నేను రాను" అన్నాడు అశోక్. ఎంత బతిమాలినా లేవలేదు. "సరే, పేర్లు మొదలవకముందే వెళ్ళిపోదాం, అమ్మాయికి చెప్పు" అన్నాడు గణేష్‌బాబు. సూర్యకళ తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది.

దారి పొడుగునా బొమ్మలో పెదవులు కదుపుతూనే ఉంది. నా పేరు సూర్యకళండి. ఇన్నీసుపేటండి. రాజునండి. చివరిమాట దగ్గర ప్రతిసారీ నవ్వొచ్చింది. తరవాత బొడ్లో తాళంచెవి గుచ్చుకుంది.

ఆరోజు నడక ఎలా కుదిరిందో గట్టంతా చెప్పుకున్నారు. రాజు భుజం ఎగరేసి ఆగి, వెనక్కి తిరిగి, ఎంతకీ ముందుకి నడవలేదట. రాణి వచ్చి నిలబడ్డా చూస్తూనే ఉన్నాడట. అది కొత్త ఆటనుకున్నారు. కంత లోంచి ఆమె చూస్తున్నది, గుండ్రంగా నిలబడడానికి చేతులు కలుపుతున్నవాళ్ళని.

వెళ్ళిపోదామని రాణిబొమ్మ కదిలేలోపే వరస చుట్టేసింది. రాజుబొమ్మ గుడ్డ చేతులు చెరొకటీ ఎవరో పట్టేసుకున్నారు. రాణి అవతల చివర చిక్కుబడింది. గత్యంతరం లేక గణేష్‌బాబు మీసాలతో సహా చీరలోంచి బయటికొచ్చి, "గణేష్‌బాబు, ఇన్నీసుపేట, రాణిని" అంటే గట్టు అదిరేలా నవ్వారు. ఆ నవ్వుల్లోనే వంతు ఇటు తిరిగింది.

"మీ తమ్ముడుగారు రావాలండి," అంది భానుశ్రీ.

"వాడికి కాస్త కళ్ళు తిరుగుతున్నాయమ్మా, లోపలే ఉండనివ్వండి."

"అయ్యో, కళ్ళు తిరిగితే ముందు బయటికి తీయాలి కదండి. పట్టండి, పట్టండి."

పదిచేతులు బుట్ట అంచుకి పడ్డాయి. లోపల సూర్యకళ అడ్డబద్దల్ని రెండు చేతులతో కిందికి లాగి పట్టుకుంది. ఎత్తితే చాలు, మూడేళ్ళుగా కోరుకున్న గాలి. ఎత్తితే చాలు, ఇంటికెళ్ళేలోపే మాట ఆ మూసిన కిటికీ దాటి లోపలికెళుతుంది, దానికి తాళంచెవి కూడా అక్కర్లేదు. చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకుందామంటే చేయి ఖాళీ లేదు.

"ఉండండి, అందరూ మీదపడితే గాలాడదు. మోటారో మనిషో నేను చూస్తాను జరగండి," అన్న గొంతు పాపాయమ్మది.

కంతలోకి ముందు పాపాయమ్మ గడ్డం వచ్చింది, కింద పుట్టుమచ్చతో. అది పైకెత్తి చూడలేదు. కిందికి దిగింది. నోరు, ముక్కు, తరవాత కళ్ళు. జాలీ గుడ్డకి అవతల, బెత్తెడు దూరంలో, మూడేళ్ళలో మొదటిసారి ఎవరో సూర్యకళ కళ్ళలోకి చూశారు.

వెనకనుంచి ఎవరో "ఏం కనిపిస్తోందండీ" అంటున్నారు. పాపాయమ్మ అరచేతుల్ని కంతకి అటూ ఇటూ అడ్డుపెట్టి, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా అడిగింది.

"ఏమే, ఇన్నాళ్ళూ ఇందులో ఉన్నది నువ్వేనా?"

బొమ్మలో ఉండగా సూర్యకళ నోరు విప్పింది అప్పుడే.

"మోటారేనండి, పిన్నిగారూ. ఊడదీశారంటే ఇంట్లో ఆయన నడక ఆగిపోద్ది."