చర్చి చుట్టూ రాగి తీగ

కాలిపోయిన మోటార్లకు కొత్త వైండింగు చుట్టడం గరివిడి రాబర్ట్ పని. ముప్పై ఏళ్లుగా రాగి తీగతోనే బతుకు. ఆ తీగ మాటను కూడా మోస్తుందని అతనికి యాభై రెండో ఏట తెలిసింది.

మేనత్త కాంతం చెవికి మిషను పెట్టుకున్నా చర్చిలో వాక్యం అందేది కాదు. "మైకు మోగతాది గానీ మాట తెలవదురా" అనేది. విజయనగరంలో ఆ మిషన్లు సరిచూసే సుహాసిని గారిని రాబర్ట్ అడిగాడు.

"మిషన్లో చిన్న కాయిల్ ఉంటుందండి. చర్చి నేల చుట్టూ తీగ పరిచి, మైకు మాటను ఆంప్లిఫయర్ ద్వారా అందులోకి పంపితే కాయిల్ నేరుగా అందుకుంటుంది. ఫ్యాన్ల గోల చొరబడదు" అని చెప్పారావిడ.

"తీగ తగలకుండానే?"

"తగలకుండానే."

ఆ రోజంతా రాబర్ట్‌కి అదే ధ్యాస. సంఘ పెద్దలు ఒప్పుకుని ఆంప్లిఫయర్ తెప్పించారు. శనివారం అతను గోడల వారన తీగ పరిచి రెండు కొసలూ ఆంప్లిఫయర్‌కి బిగించాడు. భార్య స్వర్ణ మైకులో కీర్తన చదువుతుంటే కాంతం మిషను మీట కాయిల్ వైపు తిప్పింది. అలా తిప్పితే ఎదుటి మనిషి మాట వినపడదు. అందుకే ఎలా ఉందని రాబర్ట్ సైగతో అడిగాడు.

"తుమ్మెద రొద. మాట నేదు" అంది కాంతం.

ఆంప్లిఫయర్ ఆపినా రొద పోలేదు. అంటే అది తన తీగది కాదు! ఆ రొద తానే వినాలనిపించింది రాబర్ట్‌కి. పాత రిలే స్విచ్చిలోంచి కాయిల్ ఊడదీసి, హెడ్‌ఫోను ఉన్న చిన్న ఆంప్లిఫయర్‌కి కలుపుకున్నాడు. నాడి చూసే వైద్యుడిలా గోడలన్నీ తడిమాడు. ఫ్యాన్లు ఆపితే రొద లేదు, వేస్తే ఉంది. నిచ్చెనెక్కి చూస్తే ఫ్యాన్లకు కరెంటు వెళ్లే తీగ తూర్పు గోడ మీద, తిరిగొచ్చేది పడమటి గోడ మీద ఉన్నాయి.

"ఓర్నాయనో! మనకంటే ముందే ఎవుడో సర్చికి ఒక సుట్టు సుట్టేసినాడే!" అని నవ్వాడు. రెండింటినీ ఒకే పైపులో పక్కపక్కన లాగాడు. ఎదురెదురుగా పారే కరెంట్లు ఒకదాన్నొకటి చెరిపేసుకుని రొద తెగిపోయింది.

ఆదివారం ఆరాధనలో సంజయ్ పాస్టరు నోరు తెరవగానే కాంతం కళ్లు పెద్దవయ్యాయి. పక్కనున్న స్వర్ణతో గుసగుసగా అంటున్నాననే అనుకుంది. తన గొంతు తనకే సరిగా వినపడక గట్టిగా అనేసింది:

"ఒసే స్వర్ణా! ఆరేళ్ల నుంచీ పాస్టరు గారిది లావు గొంతనుకున్నానే. ఇంత సన్నటిదేటి!"

చర్చంతా గొల్లుమంది. పాస్టరు కూడా నవ్వి, అదే సన్నటి గొంతుతో వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివారు. ఈసారి కాంతం కదలకుండా వింది.

ఆరాధన అయ్యాక ఆమె ఇంటికి వెళ్లలేదు. మాట ఎందాకా వస్తుందో చూడాలని స్వర్ణను మైకు దగ్గర నిలబెట్టి చదువుతూనే ఉండమంది. ఒక్కో అడుగూ వేస్తూ తలుపు వైపు నడిచింది. హెడ్‌ఫోను పెట్టుకుని, చేతిలో కాయిల్‌తో రాబర్ట్ వెనకే వెళ్లాడు. గడప దాటింది. మెట్టు దిగింది. ఇంకో రెండడుగులకి ఆగింది.

"ఇక్కడ నేదు" అంది. ఒక అడుగు వెనక్కి వేసి, "ఇక్కడున్నాది" అంది.

రాబర్ట్ వంగి, ఆమె కాలి దగ్గర సుద్దముక్కతో గీత గీశాడు.