ఊదా మందు పందెం

మా పక్కింటి కెమిస్ట్రీ సారు పోయారని జూలూరుపాడు బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది. ఖమ్మం దవాఖానా నుంచి ఆ రోజే ఇంటికి రావాల్సిన మనిషి. ఆయన కోసం కొన్న రెండు నిమ్మకాయలు నా చేతిలోనే ఉన్నాయి. షర్బత్తుకు కాదు. మా ఇద్దరి మధ్య ఒక పందెం ఉంది.

ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ని. దొరికిన కాగితమల్లా చదివి నేర్చుకున్నదే నా చదువు. పోయిన వానాకాలం కాలి పుండుకు ఊదా మందు పూసుకుంటుంటే, సారు గోడ మీదుగా చూసి "దాన్ల ఏముందో ఎరికేనా?" అన్నారు.

నా జమాఖర్చుల పుస్తకం వెనక పేజీలో ఆ మందులో ఉండే కార్బన్‌ను గీశారు. మామూలుగా దానికి నాలుగు బంధాలు. ఒకటి తెగి, ఆ జంట ఎలక్ట్రాన్లను అవతలివాడు పట్టుకుపోతే కార్బన్ మీద ప్లస్ మిగులుతుందట.

"ప్లస్ అంటే జమే గద సారూ?"

"కాదు తమ్మీ, గీడ ప్లస్ అంటే లోటు. గిట్లాంటి కార్బన్ రెప్ప కొట్టేలోపు ఎవరినో ఒకరిని పట్టుకుంటది. ఎక్కువసేపు ఆగది."

"మరి నా సీసాల మూడేండ్ల సంది ఉన్నదేంది? లోటున్నోడు గింత రంగు మీదున్నడా?"

సారు పడీ పడీ నవ్వారు. "చుట్టూ ఉన్నోళ్లు ఆ లోటును తలా ఇంత పంచుకున్నరు. గందుకే ఆగింది. ఆ రంగు కూడా గా పంచుకునుడు వల్లనే."

మాటతో నమ్మమనే మనిషి కాదు, చేసి చూడమనేవారు. దవాఖానాకు వెళ్లే ముందు రోజు సీసాడు నీళ్లలో ఒక చుక్క మందు వేసి, కాస్టిక్ సోడా నీళ్లు కొద్దిగా కలిపారు. సోడా వచ్చి ఆ లోటు పూడుస్తుందన్నారు. చూస్తుండగానే ఊదా పలచబడి, నీళ్లు తేటపడ్డాయి.

"పోయింది సారూ."

"పోలే. నిమ్మరసం పిండితే మళ్ల వస్తది."

"పోయింది ఎట్లొస్తది? రాదు."

"పందెం! నేనొచ్చినంక పిండుదాం. ఒక్కనివే చూడకు."

అందుకే ఆయన పోయాక కూడా పదకొండు రోజులు ఆ సీసా ముట్టలేదు. కర్మలయ్యాక వాళ్లింటి అమ్మ, సారు భార్య, గోడ దగ్గరికి వచ్చి, "ఏందయ్యా, ఆ నీళ్ల సీసాకు కావలి కూసున్నవ్?" అంది. పందెం సంగతి చెప్పాను.

"అయితే పిండు, నేను చూస్త. ఆయన ఎట్లన్న గెలుస్తడు. నాతోని ఎన్నడన్న ఓడిండా?"

నిమ్మకాయ ఎండి గట్టిపడింది. మొదటి చుక్కలకు ఏమీ కాలేదు. రెండో కాయ కూడా పిండాను. కాసేపటికి అడుగున సన్నటి ఊదా చార లేచి, పొగలా పైకి పాకింది.

"ఓడిన సారూ" అన్నాను, అమ్మ వినేటట్టే.

ఆమె సీసా అందుకుని గోడ మీద పెట్టింది. పొద్దుటి ఎండ దానిలోంచి వెళ్లి వాళ్ల వాకిట్లో, ఖాళీ కుర్చీ పక్కన, అరచేతంత ఊదా వెలుగై పడింది.